బుట్టలోని కెమెరాకు వైడ్ యాంగిల్ లెన్సు డిజైన్ చేయడం ఎలా

హనుమకొండలో మా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని లెన్సులు డిజైన్ చేస్తాను. పదిహేనేళ్లు బెంగళూరులో ఫోను కెమెరాల లెన్సుల మీద పనిచేసి సొంత ఊరికి వచ్చాను. ఇక్కడ ఎటు చూసినా పత్తి. పరకాల దగ్గర మా చిన్నాన్నకు ఆరెకరాల పత్తి చేను ఉంది. పత్తి కాయలను తొలిచే గులాబీ రంగు పురుగు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఆయన చేలో లింగాకర్షక బుట్టలు కడతాడు. బుట్టలోని ఎర ఆడ పురుగు వాసనను పోలి ఉంటుంది. దాని కోసం వచ్చిన మగ రెక్కల పురుగులు జిగురు అట్టకు అంటుకుంటాయి. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. పత్తి ఏరే రోజుల్లో ప్రతి ఉదయం బుట్టలన్నీ తిరిగి లెక్కపెట్టే తీరిక ఏ రైతుకూ ఉండదు. అందుకే బుట్ట పైకప్పు లోపల అగ్గిపెట్టెంత కెమెరా పెట్టి, తెల్లవారుజామున ఒక ఫొటో తీసి ఫోనుకు పంపాలనుకున్నాం.

ఆ కెమెరాకు లెన్సు ఎలా డిజైన్ చేశానో ఇక్కడ వరుసగా చెబుతాను. తలుపు గంటలో పెట్టే కెమెరా అయినా, కారు అద్దానికి అతికించేదైనా అంకెలు మారతాయి, దారి మాత్రం ఇదే.

ముందు అట్టను కొలవండి

చాలామంది "120 డిగ్రీల లెన్సు కావాలి" అంటూ మొదలుపెడతారు. నేను ఆ అంకెను పక్కన పెట్టి, కెమెరా ఏ వస్తువును చూడాలి, అది ఎంత దూరంలో ఉంటుంది, దాని మీద అతి చిన్న విషయం ఏది కనిపించాలి అని అడుగుతాను. డిజైన్‌లో తర్వాత వచ్చే ప్రతి అంకె ఈ మూడింటి నుంచే పుడుతుంది.

మా అట్ట 160 మి.మీ. వెడల్పు, 120 మి.మీ. ఎత్తు. మూల నుంచి మూలకు 200 మి.మీ., అంటే మధ్య నుంచి మూల దాకా 100. బుట్ట లోతు తక్కువ కాబట్టి లెన్సుకూ అట్టకూ మధ్య 60 మి.మీ. మాత్రమే దొరికింది. 100ను 60తో భాగిస్తే వచ్చే టాంజెంటుకు కోణం 59 డిగ్రీలు. కాస్త వెసులుబాటుతో 60 అనుకుంటే మొత్తం దృష్టి కోణం 120 డిగ్రీలు. అంకె అదే వచ్చినా, ఎందుకు వచ్చిందో ఇప్పుడు మనకు తెలుసు. బుట్టను ఒక సెంటీమీటరు లోతు పెంచగలిగితే సగం కోణం 55 డిగ్రీలకు దిగుతుంది, లెన్సు ఎంతో సులువవుతుంది. కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు పెట్టె తయారు చేసేవారితో ఒకసారి కూర్చోండి. మేము కూర్చున్నాం. బుట్ట అచ్చు అప్పటికే పోసేశారు కనుక ఆ సెంటీమీటరు మాకు దక్కలేదు.

సెన్సర్ విషయంలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మొదటి తరం కెమెరాలో వాడిన 5 మెగాపిక్సెళ్ల రకాన్నే ఎంచుకున్నాను. ఒక్కో పిక్సెల్ 1.4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అడ్డంగా 2592, నిలువుగా 1944 పిక్సెళ్లు. వాటిని గుణిస్తే 3.63 మి.మీ., 2.72 మి.మీ. మధ్య నుంచి మూలకు 2.27 మి.మీ. సెన్సర్ ఆకారం, అట్ట ఆకారం రెండూ 4:3 కావడం వల్ల ఒక్క పిక్సెల్ కూడా వృథా కాదు.

డిస్టార్షన్ ఎంత ఒప్పుకోవాలి

చిన్న వైడ్ యాంగిల్ లెన్సులో అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఇదే. దీన్ని తొందరపడి తీసుకోకండి.

వేయి స్తంభాల గుడి మండపంలో నిలబడి ఒక వైడ్ యాంగిల్ కెమెరాతో ఫొటో తీసి చూడండి. మధ్యలోని స్తంభం నిటారుగా, అంచుల్లోవి పీపా పక్కల్లా బయటికి ఉబ్బి కనిపిస్తాయి. అదే డిస్టార్షన్. సరళరేఖలు సరళంగానే ఉండాలంటే బింబం ఎత్తు నాభ్యంతరాన్ని (దూరపు వస్తువు బింబం లెన్సుకు ఎంత దూరంలో పడుతుందో అది) కోణం టాంజెంటుతో గుణించినంత ఉండాలి. 60 డిగ్రీల టాంజెంటు 1.732. మన 2.27 మి.మీ.ను దానితో భాగిస్తే నాభ్యంతరం 1.31 మి.మీ. వస్తుంది. అలా కాకుండా బింబం కోణంతో సమంగా పెరిగితే చాలు అనుకుంటే (దీన్ని ఎఫ్-థీటా అంటారు) 2.27ను 1.047తో భాగించాలి, నాభ్యంతరం 2.17 మి.మీ. డిస్టార్షన్ అప్పుడు సుమారు మైనస్ 40 శాతం, అంటే మూల బింబం ఉండాల్సిన చోటు కంటే అంత లోపలికి జరుగుతుంది.

ఇప్పుడు ఈ అంకెలను పురుగు మీద పెట్టి చూద్దాం. రెక్కలు ముడుచుకుని కూర్చున్న ఈ రెక్కల పురుగు పొడవు సుమారు 9 మి.మీ. మొదటి పద్ధతిలో అది అట్ట మధ్యలో ఉన్నా, మూలలో ఉన్నా 140 పిక్సెళ్ల పొడవే. చదునైన అట్టను ఎదురుగా చూసే సరళరేఖా లెన్సుకు ఈ సుగుణం ఉంది. రెండో పద్ధతిలో మధ్యలో 230 పిక్సెళ్లు వస్తాయి, చూడముచ్చటగా ఉంటుంది. మూలకు వెళ్లేసరికి కేంద్రం నుంచి బయటికి వెళ్లే దిశలో 58 పిక్సెళ్లకు నలిగిపోతుంది, దానికి అడ్డ దిశలో మాత్రం 140 ఉంటుంది.

ఆ నలిగిన పురుగుల ఫొటోలు మొదట చిన్నాన్నకే చూపించాను. చాలాసేపు తెరను పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు. "బిడ్డా, మధ్యలో ఉన్నది మన పురుగే. మూలన ఉన్నదాన్ని ఏమని చెప్పాలి? నలిపి పారేసినట్టుంది" అన్నాడు. ఫొటోను కంప్యూటర్‌లో సాగదీసి సరిచేయొచ్చని చెప్పబోయి ఆగిపోయాను. సాగదీస్తే ఆకారం తిరిగి వస్తుంది, పోయిన వివరం రాదు. 58 పిక్సెళ్లలో రెక్క మీది మచ్చలు పట్టలేదంటే తర్వాత ఏ లెక్కా వాటిని పుట్టించలేదు.

అలాగని డిస్టార్షన్‌ను పూర్తిగా సున్నా చేయాలనుకుంటే అంచున వెలుగు పడిపోతుంది, లెన్సు పెద్దదవుతుంది. నేను నాభ్యంతరం 1.6 మి.మీ. దగ్గర ఆగాను. డిస్టార్షన్ మైనస్ 18 శాతం. పురుగు మధ్యలో 170 పిక్సెళ్లు, మూలలో నలిగే దిశలో సుమారు 100, అడ్డ దిశలో 140. ఈ ఫొటోలు చూపినప్పుడు చిన్నాన్న మూలల్లోని పురుగులను కూడా తడుముకోకుండా గుర్తుపట్టాడు. మీ పరికరంలోనూ ఫొటోను చివరికి ఎవరు చూస్తారో వాళ్ల ముందు పెట్టి ఈ అంకెను తేల్చుకోండి.

అద్దాల వరుస

1.6 మి.మీ. నాభ్యంతరం ఉన్న మామూలు లెన్సు సెన్సర్‌కు దాదాపు అంతే దూరంలో కూర్చోవాలి. ఆ చోటులోనే పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్, సెన్సర్ పై గాజు ఇమడాలి. అది కుదరదు. దీనికి విరుగుడు కెమెరా ప్రపంచంలో 1950లోనే వచ్చింది. ఫ్రాన్సుకు చెందిన పియేర్ ఆంజెన్యూ ముందు నెగటివ్ అద్దాలు (కిరణాలను విడదీసే కటకాలు), వెనుక పాజిటివ్ అద్దాలు (కిరణాలను కలిపేవి) పెట్టి 'రెట్రోఫోకస్' అనే వైడ్ యాంగిల్ లెన్సు తెచ్చాడు. ఆయనకు లోపల మిర్రర్ పైకి కిందికి ఆడే కెమెరాలో ఆ మిర్రర్‌కు చోటు కావలసి వచ్చింది, మనకు ఫిల్టర్‌కు కావాలి. ఉపాయం ఒకటే.

నా వరుస ఇలా ఉంటుంది. మొదటిది గాజు నెగటివ్ మెనిస్కస్ (ఒక వైపు ఉబ్బు, ఇంకో వైపు గుంట ఉన్న అద్దం), ఉబ్బు వైపు బయటికి. రెండోది ప్లాస్టిక్ నెగటివ్, రెండు వైపులా గోళాకారం కాని ఉపరితలాలు. మూడోది ఎక్కువ విక్షేపణం గల (రంగులను ఎక్కువగా విడదీసే) ప్లాస్టిక్‌తో పాజిటివ్. ఆ తర్వాత స్టాపు, అంటే ఎంత వెలుగు పోవాలో తేల్చే చిన్న రంధ్రం. దాని వెనుక నాలుగోది, బలమంతా మోసే గాజు పాజిటివ్. ఐదోది పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్‌తో బలహీనమైన నెగటివ్, అంచు లోపాలను సరిదిద్దే వంపులతో.

ముందు రెండు నెగటివ్‌లు ఎందుకంటే, 60 డిగ్రీల వాలుతో వచ్చే కిరణాన్ని స్టాపు దాకా 30 డిగ్రీల లోపుకు తేవాలి. బండెడు బరువును ఒక్క ఎద్దు మెడ మీద పెట్టం కదా. ఒకే అద్దంతో అంత వంచితే వక్రత అతిగా పెరిగి అంచు కిరణాలు ఉపరితలాన్ని గీసుకుంటూ పోతాయి, కొన్ని పూర్తిగా తప్పిపోతాయి.

పదార్థాల్లో నేను తరచూ వాడేవి మూడు. సైక్లో ఓలిఫిన్ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం 1.53, అబ్బే సంఖ్య 56 (ఈ సంఖ్య ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువగా విడిపోతాయి). పాలికార్బనేట్‌కు 1.585, 30. మామూలు బోరోసిలికేట్ క్రౌన్ గాజు 1.517, 64. ఈ రకం లెన్సులో అంచున ఎర్రని, నీలి చారలు కనిపించడమే పెద్ద బెడద. స్టాపుకు ముందున్న నెగటివ్‌లకు, వెనుకనున్న పాజిటివ్‌కు అబ్బే సంఖ్య ఎక్కువ ఉండాలి. ముందున్న పాజిటివ్‌కు, వెనుకనున్న నెగటివ్‌కు తక్కువ ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చారలు సగానికి పైగా తగ్గుతాయి. మిగిలినది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మూలలో ఎరుపు, నీలం ఎడం 2 మైక్రాన్లు దాటకూడదని నేను గిరి గీసుకున్నాను.

సాఫ్ట్‌వేర్ జీమ్యాక్స్ అయినా, కోడ్ వీ అయినా, డబ్బు పెట్టలేనివారికి పైథాన్‌తో నడిచే రేఆప్టిక్స్ అయినా పని క్రమం ఒకటే. మొదట గోళాకార ఉపరితలాలతోనే నాభ్యంతరం, పొడవు, రంగు కుదుర్చుకోండి. ఆ తర్వాతే ఒక్కో ఉపరితలానికి శాంకవ స్థిరాంకం, నాలుగో ఘాతం, ఆరో ఘాతం (గోళాకారం నుంచి వంపును మార్చే అంకెలు) ప్రోగ్రాం మార్చుకునేలా వదలండి. మొదటి రోజే పదో ఘాతం దాకా అన్నీ వదిలేస్తే ప్రోగ్రాం తెర మీద అద్భుతం చూపిస్తుంది. అచ్చు చేసేవారు ఆ బొమ్మ చూసి తల అడ్డంగా ఊపుతారు.

ఇంకొకటి మరవకండి. వస్తువు దూరం దగ్గర అనంతం అని కాకుండా 60 మి.మీ. అని రాయండి. నాభ్యంతరం వర్గాన్ని 60తో భాగిస్తే 43 మైక్రాన్లు వస్తుంది. అనంతానికి డిజైన్ చేసిన లెన్సును దగ్గరికి తేవాలంటే అంత జరపాలి. అలా జరిపితే నట్టనడుమ సరిపోతుంది గాని, అంచున బింబ తలం వంగిపోతుంది.

వెలుగు, కోణం

కోణం పెరిగే కొద్దీ వెలుగు కొసైన్ నాలుగో ఘాతంతో తగ్గుతుంది. 60 డిగ్రీలకు కొసైన్ సగం, దాని నాలుగో ఘాతం పదహారో వంతు. మూలలో మధ్య వెలుగులో 6 శాతమే అన్నమాట. ఇక్కడ మనం ఒప్పుకున్న డిస్టార్షన్ మేలు చేస్తుంది, అంచు బింబం కుదించుకుంటుంది కాబట్టి వెలుగు చిక్కబడుతుంది. ముందు నెగటివ్ అద్దాలు వాలు కిరణాలకు ద్వారాన్ని పెద్దది చేసి చూపిస్తాయి, అదీ తోడవుతుంది. మూలలో కనీసం 35 శాతం అని లక్ష్యం పెట్టుకోండి. మిగతా లోటును అట్టకు వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.లను మూలల వైపు తిప్పి పూడ్చవచ్చు.

సెన్సర్ మీద కిరణం ఎంత వాలుగా పడొచ్చో దాని సమాచార పత్రంలో ఒక గీత రూపంలో ఇస్తారు. దాన్ని చదవకుండా లెన్సు పూర్తి చేయకండి. పిక్సెల్ మీది సూక్ష్మ కటకాలు ఆ కోణానికే జరిపి ఉంటాయి, తేడా వస్తే మూలల్లో రంగు మారుతుంది.

ద్వారం ఎఫ్/2.8 చాలు, అంటే నాభ్యంతరాన్ని 2.8తో భాగించినంత వెడల్పు. అక్కడ వివర్తన చుక్క (కాంతి వంగడం వల్ల ఒక్క బిందువు పరుచుకునే చుక్క) వ్యాసం 3.8 మైక్రాన్లు, మూడు పిక్సెళ్ల లోపే. ఇంకా తెరిస్తే తయారీ కష్టం, ఇంకా మూస్తే వివరం పోతుంది. ఎఫ్/2.8తో అట్ట 51 నుంచి 74 మి.మీ. మధ్య ఎక్కడున్నా స్పష్టంగానే ఉంటుంది. తేమకు అట్ట ఉబ్బినా భయం లేదు.

చలి చేసిన పని

పైన చెప్పిన ఐదు అద్దాల వరుసకు ముందు, మొదటి సంవత్సరం నాలుగే అద్దాలతో, అన్నీ ప్లాస్టిక్‌వే అయిన లెన్సు చేశాను. దాన్ని అల్యూమినియం హోల్డర్‌లో బిగించాం. మే నెలలో మా మేడ మీద గదిలో 38 డిగ్రీల వేడిలో ఒక్కోదాన్ని ఫోకస్ చేసి జిగురు వేశాం. ఫొటోలు అద్దంలా ఉన్నాయి. అక్టోబరులో బాగున్నాయి. డిసెంబరు రెండో వారంలో తెల్లవారుజామున చలి 12 డిగ్రీలకు దిగింది, ఫొటోలు మంచు కప్పినట్టు వచ్చాయి. నేను నిజంగానే మంచు అనుకుని రెండు రోజులు లెన్సు తుడవమని చిన్నాన్నను చలిలో చేనుకు పంపాను. ఆ రెండు రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. తప్పు నా లెక్కలో ఉంది.

ఆ లెక్క ఇదీ. ప్లాస్టిక్ వక్రీభవన గుణకం ఒక్క డిగ్రీ వేడికి సుమారు పదివేలలో ఒక వంతు తగ్గుతుంది. గాజుకు ఈ మార్పు లక్షల్లో ఒకటి కూడా ఉండదు. దీనికి ప్లాస్టిక్ వ్యాకోచం కలిపితే నాభ్యంతరం డిగ్రీకి పదివేలలో రెండున్నర వంతులు మారుతుంది. 38 నుంచి 12కు తేడా 26 డిగ్రీలు. 1.6 మి.మీ. నాభ్యంతరానికి 10 మైక్రాన్లు. పిక్సెల్‌కు రెట్టింపు మసకను భరించగలం అనుకుంటే ఎఫ్/2.8కు ఉన్న వెసులుబాటు అటూ ఇటూ 8 మైక్రాన్లు. లెన్సు నుంచి సెన్సర్ దాకా 5 మి.మీ. అల్యూమినియం ఆ చలికి కుంచించుకునేది 3 మైక్రాన్లు. మిగిలిన 7 మైక్రాన్లు వెసులుబాటును దాదాపు మొత్తం మింగేశాయి. జిగురు వేసేటప్పుడు జరిగిన కొద్దిపాటి తేడాకు కూడా చోటు మిగల్లేదు. ఇది ఒంటరి లెన్సు లెక్క. రెట్రోఫోకస్‌లో వెనుక గుంపు బలం ఎక్కువ కాబట్టి అసలు జరుగుడు ఇంకా ఎక్కువే, సాఫ్ట్‌వేర్‌లో 10, 25, 50 డిగ్రీలకు విడివిడిగా నడిపి చూడాలి.

ఉన్న లెన్సులను పారేయకుండా హోల్డర్‌ను పాలికార్బనేట్‌కు మార్చాం. అదే 5 మి.మీ. 26 డిగ్రీలకు 8 మైక్రాన్లకు పైగా కుంచించుకుంటుంది. చలికి లెన్సు నాభి దగ్గరికొస్తే, హోల్డర్ సెన్సర్‌నూ దగ్గరికి తెస్తుంది. మసక పోయింది. మరుసటి సంవత్సరం డిజైన్‌లో బలమంతా నాలుగో స్థానంలోని గాజుకు ఇచ్చాను. అప్పుడు ప్లాస్టిక్ హోల్డర్ అతిగా కదిలి చెడగొడుతుంది, అందుకని మళ్లీ అల్యూమినియానికి వెళ్లాం. లెన్సునూ హోల్డర్‌నూ జోడీగా చూడాలి. ఒకదాన్ని మార్చిన రోజే రెండోదాని లెక్క మళ్లీ వేయండి.

ఫోకస్ చేసే గది ఇప్పుడు 25 డిగ్రీల దగ్గర ఉంచుతాను. చేలో కనిపించే చలికీ వేడికీ అది నడుమ ఉంటుంది.

చేయించేటప్పుడు

కొన్ని వందలే కావాలంటే ప్లాస్టిక్ అచ్చులకు డబ్బు పెట్టకండి, వజ్రపు మొనతో లేత్ మీద చెక్కించుకోండి. వేలల్లో కావలసినప్పుడు అచ్చు గిట్టుబాటవుతుంది. అచ్చుకు వెళ్లే ముందు ప్రతి ప్లాస్టిక్ అద్దంలో మందమైన చోటు, పల్చని చోటు నిష్పత్తి మూడు దాటకుండా చూడండి. దాటితే చల్లారేటప్పుడు లోపల ఒత్తిడి మిగులుతుంది.

మొదటి అద్దాన్ని గాజుతోనే ఉంచండి. చేలో దాన్ని తుడిచేది భుజం మీది కండువాతో. మందు తుంపర, దుమ్ము, ఆ కండువా కలిస్తే ప్లాస్టిక్ ఒక్క పంట కాలం కూడా నిలవదు. దాని ముందు మరో రక్షక గాజు పెట్టకండి, ఎల్.ఇ.డి. వెలుగు అందులో ప్రతిఫలించి అట్ట మీద తెల్ల మచ్చ పడుతుంది.

అద్దాల మధ్య ఎంత తప్పు భరించగలమో ముందే లెక్కగట్టండి. పక్కకు 10 మైక్రాన్లు జరిగినా పనిచేసే డిజైన్, 3 మైక్రాన్లకే చెడిపోయే గొప్ప డిజైన్ కంటే నాకు ఇష్టం. తల వెంట్రుక మందమే దాదాపు 70 మైక్రాన్లు. చిన్న వర్క్‌షాపులో 3 మైక్రాన్లు నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

బిగించి చూడటం

మా లెన్సు గొట్టానికి 12 మి.మీ. మర ఉంటుంది, ఒక చుట్టు తిప్పితే 0.5 మి.మీ. కదులుతుంది. ముందు చెప్పిన 43 మైక్రాన్లు అంటే 31 డిగ్రీలు. గడియారం ముఖం మీద ఒక గంట గుర్తు నుంచి పక్క గుర్తు దాకా తిప్పడం. వెసులుబాటైన 8 మైక్రాన్లు అందులో ఐదో వంతే కాబట్టి వేళ్లతో తిప్పకండి, పొడవాటి చేయి ఉన్న పానా లాంటి పనిముట్టు తగిలించి తిప్పండి.

పరీక్షకు ఖరీదైన చార్టు అవసరం లేదు. చుక్కల ముగ్గు వేసే ముందు పెట్టే చుక్కల్లాగా, 5 మి.మీ. ఎడంతో నల్ల చుక్కలను మందమైన కాగితం మీద లేజర్ ప్రింటు తీయించి అట్ట స్థానంలో పెట్టండి. మొదట మధ్య చుక్కను చూసి ఫోకస్ చేయకండి. కేంద్రం నుంచి మూలకు 70 శాతం దూరంలో ఉన్న నాలుగు చుక్కలను చూసి చేయండి, మధ్య, మూల రెండూ సర్దుకుంటాయి. నాలుగు మూలల్లో ఒక్కటే మసకగా ఉంటే సెన్సర్ వాలింది. చుక్కలన్నిటికీ ఒకే వైపు తోక వస్తే లోపల ఒక అద్దం పక్కకు జరిగింది, ఆ లెన్సును పక్కన పెట్టేయండి. నాలుగు మూలలూ సమానంగా మసకైతే అద్దాల మధ్య ఎడం తప్పింది, రింగు మందం కొలవండి.

సరిగా ఉన్నవాటికి అతినీలలోహిత కాంతికి గట్టిపడే జిగురు రెండు చుక్కలు ఎదురెదురుగా వేయండి. ఒక్క వైపే వేస్తే గట్టిపడేటప్పుడు లెన్సును అటే లాగుతుంది. మర్నాడు అదే చుక్కల కాగితంతో మళ్లీ ఫొటో తీసి, నిన్నటి దానితో పోల్చాకే పెట్టెలో పెట్టండి. ఫ్రిజ్‌లో గంట సేపు ఉంచి, తీసి, తేమ ఆరాక వెంటనే ఒకటి తీయండి. ఎండలో ఉన్న పెట్టెలో నుంచి ఒకటి. మూడు ఫొటోల పక్కన ఉష్ణోగ్రత రాసి పెట్టుకోండి.

ఆ మూడూ బాగుంటే చేనుకు పంపవచ్చు. మేము పోయిన డిసెంబరులో ఐదు బుట్టలు కట్టాం. 13 డిగ్రీల చలిలో ఉదయం ఐదున్నరకు వచ్చిన ఫొటోలో కింది ఎడమ మూలన రెండు పురుగులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. చిన్నాన్న మంచం మీది నుంచే ఫోను చేసి రెండున్నాయని చెప్పాడు.